మన చిన్న శాటిలైట్లకు కావాల్సింది రికార్డులు కాదు, రెండో ఛాన్స్

కొత్త ఫోన్ కొనగానే టెంపర్డ్ గ్లాస్ వేస్తాం, పౌచ్ తొడుగుతాం, ఎండలో కారులో వదిలేయాలన్నా భయపడతాం. అలాంటిది 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచి ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఏకంగా అంతరిక్షానికే వెళ్లింది. గూగుల్ నెక్సస్ వన్ గుర్తుందా? బ్రిటన్‌లోని సర్రే యూనివర్సిటీ వాళ్లు దాన్ని స్ట్రాండ్-1 అనే బుల్లి శాటిలైట్‌లో పెడితే, మన పీఎస్ఎల్‌వీ-సీ20 మోసుకెళ్లింది.

ఫోన్‌కీ శాటిలైట్‌కీ ఏంటి సంబంధం అంటారా? కెమెరా, జీపీఎస్, యాక్సిలెరోమీటర్, బ్యాటరీ, రేడియో, ప్రాసెసర్... చిన్న శాటిలైట్‌కి కావాల్సినవీ చాలావరకు ఇవే. ఫోన్ల పుణ్యమా అని ఇవన్నీ చిన్నవయ్యాయి, ధరా తగ్గింది. అందుకే పెద్ద దేశాల ఆట కాస్తా కాలేజీ ల్యాబ్‌లోకి వచ్చేసింది. 2010లో మన హైదరాబాద్, బెంగళూరు వైపు ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి చేసిన స్టడ్‌శాట్ బరువు కిలో కూడా లేదు!

104లో మనవెన్ని?

2017 ఫిబ్రవరి 15న ఒకే రాకెట్‌తో 104 శాటిలైట్లు పంపి రికార్డు కొట్టాం. అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. కానీ అందులో మనవి మూడే, మిగతా 101 విదేశాలవి. ఆటో మనది, సవారీ వేరేవాళ్లది అన్నమాట. ఇందులో తప్పేం లేదు, కిరాయి వస్తుంది, పేరూ వస్తుంది. కానీ అక్కడే ఆగిపోతే మాత్రం తప్పే.

ఒక సెన్సర్ చేసిన పని

2022 ఆగస్టు 7న చిన్న శాటిలైట్ల కోసమే తయారుచేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీ తొలిసారి ఎగిరింది. అందులో ఆజాదీశాట్ ఉంది. దేశంలోని 75 ప్రభుత్వ స్కూళ్ల నుంచి 750 మంది అమ్మాయిలు పనిచేసిన శాటిలైట్ అది. రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపుకి యాక్సిలెరోమీటర్ల రీడింగ్ హద్దు దాటింది. సెన్సర్లు పాడయ్యాయని కంప్యూటర్ పొరబడింది. ఫోన్ తిప్పితే స్క్రీన్ తిరుగుతుంది చూశారా, ఆ సెన్సర్ జాతే! చివరికి శాటిలైట్లు భూమికి 76 కిలోమీటర్ల దగ్గరకు వచ్చే కక్ష్యలో పడ్డాయి. అంత కిందికి వస్తే ఏ శాటిలైటూ నిలవదు.

కథ అక్కడే అయిపోయి ఉంటే, ఆ పిల్లలకి జీవితాంతం గుర్తుండేది ఓటమే. కానీ ఆరు నెలల్లో, 2023 ఫిబ్రవరి 10న, అదే రకం రాకెట్ మీద ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది. నా దృష్టిలో 104 కంటే ఇదే పెద్ద విజయం.

నేను చూసే స్పెక్ ఇదే

"రోడ్ల మీద గుంతలు పూడ్చలేని దేశానికి శాటిలైట్లెందుకు?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తుపాను వస్తుందంటే మన కోస్తా వాళ్లు ముందు చూసేది శాటిలైట్ ఫొటోనే కదా! ఎందుకు అన్నది పాత ప్రశ్న. ఫెయిలైతే మళ్లీ ఎప్పుడు అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

హైదరాబాద్ కంపెనీ ధ్రువ స్పేస్‌నే చూడండి. 2022 జూన్‌లో పీఎస్ఎల్‌వీ చివరి దశ మీద ముందు తమ డిప్లాయర్‌ని టెస్ట్ చేసుకుంది. అదే ఏడాది నవంబర్ 26న థైబోల్ట్-1, 2 శాటిలైట్లని పంపింది. అంటే ముందు బీటా, తర్వాతే రిలీజ్. ఇలాంటి టెస్ట్ సీట్లు కంపెనీలకే కాదు, మన జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీలకీ క్రమం తప్పకుండా దొరకాలి. తమిళనాడులోని కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం కడుతున్న కొత్త కేంద్రంలో వాళ్లకీ కొన్ని సీట్లు పక్కన పెట్టాలి.

మొదటి వెర్షన్‌లో బగ్ ఉందని ఏ ఫోన్ కంపెనీ అయినా షాపు మూసేస్తుందా? అప్‌డేట్ ఇస్తుంది. మన కుర్రాళ్ల శాటిలైట్లకీ ఆ అప్‌డేట్ అవకాశం ఉండాలి. నేను అడిగేది అంతే.