మెయిల్ వెళ్లింది, ముప్పు మిగిలింది

ఇంట్లో సొంత మెయిల్ సర్వర్ నడపడం ఒక్కరి వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ అక్కడ జరిగే ఒక పొరపాటుకు ఊరూపేరూ తెలియని వేలమంది బలి కావచ్చు. బయటికి పోవాల్సిన మెయిల్ క్యూలో ఇరుక్కున్నప్పుడు, కారణం తెలుసుకోకుండానే కాపలా నియమాలను సడలించడమే ఆ పొరపాటు.

ఇళ్ల కనెక్షన్లకు చాలా ఇంటర్నెట్ కంపెనీలు 25వ పోర్టును మూసేస్తాయి. అది తెరిచి ఉన్నా, ఇళ్లకిచ్చే ఐపీ అడ్రసులు స్పామ్ నిరోధక సంస్థ స్పామ్‌హాస్ నడిపే పీబీఎల్ జాబితాలో ఉంటే చాలా సర్వర్లు మెయిల్ తీసుకోవు. అందుకే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయి, 587 లేదా 465 పోర్టు ద్వారా వేరే సంస్థ రిలే సర్వర్‌కు మెయిల్ అప్పగిస్తారు. పద్ధతి మంచిదే. లాగిన్ కుదరనప్పుడు పడే తొందరే ప్రమాదకరం.

పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో నమ్మదగిన అడ్రసులుండే ‘మైనెట్‌వర్క్స్’ జాబితాలోకి ప్రపంచంలోని అడ్రసులన్నిటినీ చేరిస్తే ‘రిలే యాక్సెస్ డినైడ్’ అన్న ఎర్రర్ ఆగిపోతుంది. దాంతోపాటే సొంతవారికీ పరాయివారికీ తేడా చెరిగిపోతుంది. డాకర్ కంటైనర్‌లో సర్వర్ నడిపేవారికి మరో గండం ఉంది. కొన్ని నెట్‌వర్క్ అమరికల్లో బయటి కనెక్షన్లన్నీ డాకర్ గేట్‌వే నుంచే వచ్చినట్టు కనిపిస్తాయి. ఆ గేట్‌వే అడ్రసు నమ్మదగిన జాబితాలో ఉంటే, యజమానికి తెలియకుండానే సర్వర్ ఎవరి మెయిల్‌నైనా బయటికి పంపే ఓపెన్ రిలే అయిపోతుంది.

1990లలో స్పామ్ పెరిగింది ఇలాంటి ఓపెన్ రిలేల అండతోనే. అందుకే 1998లో వచ్చిన సెండ్‌మెయిల్ 8.9 సాఫ్ట్‌వేర్ పరాయివారి రిలేను ముందే మూసి ఉంచింది. ఇప్పటి ఇంటి సర్వర్‌లో నష్టం ఇంకా తీవ్రం. చొరబడిన స్పామ్ మన పాస్‌వర్డ్‌తో, రిలే సంస్థలోని మన ఖాతా నుంచే బయటికి పోతుంది. ఖాతా నిలిచిపోతుంది, వాడకం బిల్లు మన మీద పడుతుంది. మన డొమైన్ మీద నమ్మకం పోయాక ఉద్యోగ దరఖాస్తు సైతం స్పామ్ ఫోల్డర్‌లో పడుతుంది.

కారణం చాలాసార్లు లాగ్‌లోనే ఉంటుంది. 535 అంటే లాగిన్ వివరాలను అవతలి సర్వర్ ఒప్పుకోలేదని. 2022 మే 30 తర్వాత గూగుల్ వ్యక్తిగత ఖాతాల మామూలు పాస్‌వర్డ్‌ను ఇలాంటి లాగిన్‌కు అనుమతించడం మానేసింది. యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ‘నో మెకానిజం అవైలబుల్’ అని వస్తే లాగిన్‌కు వాడే సాస్ల్ మాడ్యూళ్ల ప్యాకేజీ ఉందో లేదో చూడాలి. పాస్‌వర్డ్ ఫైలు మార్చాక ‘పోస్ట్‌మ్యాప్’ కమాండ్ నడపకపోతే పాత వివరాలే కొనసాగుతాయి. వీటిలో దేనికీ ఎన్‌క్రిప్షన్ తీసేయాల్సిన అవసరం లేదు. డీబగ్ లాగ్‌ను ఇతరులకు పంపడం కూడా ప్రమాదమే. అందులో బేస్64 రూపంలో ఉన్న పాస్‌వర్డ్‌ను ఎవరైనా క్షణంలో చదవగలరు.

మెయిల్ వెళ్లినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. వేరే నెట్‌వర్క్ నుంచి, లాగిన్ కాకుండా, బయటి అడ్రసుకు మెయిల్ పంపి చూడాలి. సర్వర్ దాన్ని తిరస్కరించి తీరాలి. పరీక్ష కోసం సడలించిన ప్రతి నియమాన్నీ ఆరోజే మళ్లీ బిగించాలి. అంత ఓపిక లేనివారు తమ సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరవకూడదు.