దుడ్లు పెట్టి దుడ్లు కొనడం

మా పుంగనూరు వైపు డబ్బుల్ని దుడ్లు అంటారు. దుడ్డు అనేది ఒకప్పటి రాగి నాణెం. నాణెం ఎప్పుడో పోయింది, పేరు మాత్రం మా నోళ్ళలో మిగిలింది. అలా పోయిన నాణేల కోసం ఇప్పటి దుడ్లు పోసేవాళ్ళలో నేనొకడిని. "దుడ్లు పెట్టి దుడ్లు కొనేదేందిరా" అని మా ఇంట్లో నవ్వుతారు. నవ్వనీండి, అది నాకు అలవాటే :)

నాకు బాధ కలిగించేది వేరే ఉంది. ఇదివరకు నా డబ్బా తెరిస్తే చుట్టూ చేరినవాళ్ళు "ఇది ఏ దేశానిది?", "ఈ రాత ఏ భాష?" అని అడిగేవాళ్ళు. ఇప్పుడందరిదీ ఒకటే ప్రశ్న: "ఇది ఎంత చేస్తుంది?" వెండి, బంగారం రేట్లు పెరిగేకొద్దీ ఈ ప్రశ్న కూడా పెరుగుతోంది. ధరలు పెరిగితే నాలాంటోళ్ళకి పండగేనని అందరూ అనుకుంటున్నారు. నేనైతే అలా అనుకోవడం లేదు. ధర పెరిగినప్పుడల్లా సేకరించేవాడు ఒక మెట్టు వెనక్కి పోతాడు, నాణేనికి గండం వస్తుంది, లాభం ఎక్కువగా మధ్యలోవాడికి పోతుంది. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి, పెద్ద సమస్యని ముక్కలు చేసుకుని చూడటం అలవాటు. పాత నాణెం ధరలో మూడు ముక్కలుంటాయి. ఒకటి లోహం ధర, రెండోది అరుదు ధర, మూడోది పుకారు ధర. ఈ మూడూ కలిపేసి ఒకటే అంకె చెప్పడంతోనే గందరగోళమంతా మొదలవుతుంది.

మొదట లోహం. బ్రిటిష్ కాలం నాటి వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. 1939 దాకా అందులో నూటికి 91.7 పాళ్ళు వెండే, అంటే సుమారు 10.69 గ్రాములు. కిలో వెండి లక్ష రూపాయలుంటే ఆ రూపాయిలో 1069 రూపాయల వెండి ఉన్నట్టు. లక్షన్నర అయితే 1600. 1940 నుంచి వెండి సగానికి తగ్గించారు, 1947కి వచ్చేసరికి పూర్తిగా నికెల్ అయిపోయింది. అంటే చూడటానికి ఒకేలా ఉండే రెండు రూపాయలు, ఒకటి 1938ది, ఇంకోటి 1941ది ఉంటే, లోహం లెక్కలోనే ఒకటి దాదాపు రెండింతలు.

2025 అక్టోబరులో ప్రపంచ మార్కెట్లో ఔన్సు వెండి 50 డాలర్లు దాటింది. బంగారం అదే నెలలో 4000 డాలర్లు దాటింది. ఇలాంటప్పుడు ఏం జరుగుతుందంటే, విక్టోరియా రూపాయి, అయిదో జార్జి రూపాయి అనే తేడాలు పోయి అన్నీ "వెండి" అయిపోతాయి. అవ్వ ట్రంకుపెట్టెలో దాచిన రూపాయలు వెండి కొట్టుకి పోతాయి. అక్కడ త్రాసు ఉంటుంది కానీ భూతద్దం ఉండదు. సంవత్సరం ఎవరూ చదవరు. తూకం వేస్తారు, తరుగు తీస్తారు, మూసలో వేస్తారు. కరిగిపోయిన నాణేన్ని ఏ వేలంలోనూ తిరిగి కొనలేం.

పోనీ ఆ వెండి ధరైనా నిలకడగా ఉంటుందా అంటే, అదీ లేదు. అమెరికాలో హంట్ సోదరులు వెండిని మూటగట్టబోయినప్పుడు, 1980 జనవరిలో ఔన్సు ధర 50 డాలర్ల దాకా ఎగిరింది. అదే సంవత్సరం మార్చి 27న 11 డాలర్ల కిందికి పడింది. 2011లో ఆ పాత మెట్టు దగ్గరదాకా వచ్చి మళ్ళీ జారింది. దాన్ని దాటడానికి 2025 దాకా పట్టింది, అంటే 45 ఏళ్ళు! 1980 జనవరిలో కొన్నవాడు యువకుడైతే ఇప్పటికి మనవళ్ళను ఎత్తుకుని ఉంటాడు. "వెండి ఎప్పుడూ పడదు" అని ఎవరైనా చెబితే ఈ లెక్క చెప్పండి.

రెండోది అరుదు. చాలామంది పాతదైతే చాలు అరుదైనదే అనుకుంటారు. యుద్ధకాలంలో రాగి పొదుపు చేయడానికి 1943 నుంచి 1947 దాకా మధ్యలో చిల్లు ఉండే పైసలు కొట్టారు. చిల్లు కాణీ అంటే పెద్దవాళ్ళకి తెలుస్తుంది. అవి లెక్కలేనన్ని కొట్టారు కాబట్టి ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి. 1911 నాటి అయిదో జార్జి రూపాయి కథ ఇంకా తమాషాగా ఉంటుంది. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ చిన్న తొండంతో పందిలా కనిపించిందని గొడవైంది. దాదాపు 94 లక్షలు కొట్టి, 7 లక్షలు బయటికొచ్చాక ఆపేసి, మిగతావి కరిగించారు. కథ గొప్పదే గానీ 7 లక్షలంటే తక్కువ కాదు. దుడ్లున్నవాడికి ఆ రూపాయి దొరక్కపోదు. అసలు దొరకనిది 1939 నాటి వెండి రూపాయి. దొరకదు కాబట్టే వేరే సంవత్సరం రూపాయి తీసుకుని అంకె చెక్కి 1939 చేసేవాళ్ళు తయారయ్యారు. ధర పెరిగిన ప్రతి నాణేనికీ వెనకాలే దొంగ నాణెం వస్తుంది. అసలుదో కాదో తేల్చుకోలేని మామూలు ఉద్యోగస్తుడు ఆ నాణేన్నే వదిలేసి పక్కకి తప్పుకుంటాడు.

ఇక మూడోది, పుకారు. ఇది మిగతా రెండిటికంటే బలమైనది. "మీ దగ్గర ఈ అయిదు రూపాయల బిళ్ళ ఉందా? అయితే మీరు లక్షాధికారి!" అనే వార్తలు మీరూ చూసే ఉంటారు. వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేలు, 786 నెంబరు ఉన్న నోట్లు... ఒకటా రెండా. మా ఊళ్ళలో విచిత్రమేమిటంటే, పదిరూపాయల బిళ్ళ ఇస్తే "చెల్లదు సామీ, నోటు ఇయ్యి" అన్న కొట్లు నేను చూశాను. పది రూపాయల నాణెం 14 రకాల్లో ఉంది, అన్నీ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు చెప్పినా వినరు. చెల్లే నాణేన్ని వద్దన్న మనుషులే, చెల్లని నాణేనికి ఎవడో లక్షలిస్తాడంటే నమ్మేస్తారు!

నాకు మామ వరసయ్యే ఒకాయన ఇలాగే ఒక పాత నాణెం ఫోటో పెట్టాడు. ఫోను వచ్చింది. లక్షల్లో ధర చెప్పారు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు అన్నారు, తర్వాత పన్ను అన్నారు, ఆ తర్వాత కొరియరు ఇన్సూరెన్సు అన్నారు. ఒక్కోసారి కొన్ని వేలు. చివరికి ఫోను మూగబోయింది. "అల్లుడా, కొనేటోడు నాకు దుడ్లియ్యాల గానీ, నా దగ్గర దుడ్లెందుకు అడగతాడని ఆ పొద్దు నాకు తట్టలే" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. ఆశని అంత తెలివిగా అమ్ముతున్నారు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని పాత నాణేలకి ఫీజులు, కమిషన్లు అడుగుతున్నారని, తమకి దాంతో ఏ సంబంధమూ లేదని 2021 ఆగస్టులో ఆ బ్యాంకే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. అమ్మేవాడి దగ్గర ముందుగా డబ్బు అడిగేవాడు కొనేవాడు కాదు.

సరే, లోహమూ ఉంది, నిజంగా అరుదు కూడా, పుకారు కాదు అనుకుందాం. అప్పుడైనా ధర ఖాయమా? అమెరికా తొలి వెండి డాలర్లలో 1794 నాటిది ఒకటి 2013లో కోటి డాలర్లకి పైగా పలికింది. అదే నాణేన్ని 2020 అక్టోబరులో మళ్ళీ వేలానికి పెడితే, యజమాని పెట్టిన కనీస ధర కూడా రాక వెనక్కి తీసుకున్నారు. 2022లో కోటీ ఇరవై లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. నాణెం మారలేదు, దాని మీద గీత కూడా పడలేదు. ఆ రోజు ఆ గదిలో దుడ్లున్నవాళ్ళు ఇద్దరున్నారా, ఒక్కడూ లేడా అన్నదే తేడా. షేరు అయితే మీట నొక్కితే అమ్ముడవుతుంది. నాణేనికి కొనేవాడు దొరికేదాకా ధర అనేది కాగితం మీది అంకె మాత్రమే. నిజాం వారసుల దగ్గరుండిన జహంగీరు కాలపు వెయ్యి తులాల బంగారు మొహరు గురించి వినే ఉంటారు, బరువు దాదాపు 12 కిలోలు. 1987లో జెనీవాలో వేలానికి పెట్టారు. కేంద్ర ప్రభుత్వం దాని జాడ మళ్ళీ వెతుకుతోందని 2022లో కూడా వార్తలొచ్చాయి. ధర కట్టడం సంగతి దేవుడెరుగు, అంత నాణేనికి చిరునామాయే లేకుండా పోయింది.

విదేశీ నాణేలు కూడబెట్టే మాలాంటోళ్ళకి ఇంకో దెబ్బ ఉంది, డాలరు. 2008 మొదట్లో 40 రూపాయల దగ్గరుండిన డాలరు 2025 డిసెంబరులో 90 దాటింది. ఇరవై డాలర్ల నాణెం అక్కడ పైసా పెరగకపోయినా ఇక్కడ 800 నుంచి 1800 అయింది. దాన్ని చూసి "నా కలెక్షను రెండింతలైంది" అని మురిసిపోతే, పెరిగింది నాణెం కాదు, తగ్గింది రూపాయి. ఇటునుంచి అటు అమ్ముదామంటే, 1972 చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని మనబోటివాళ్ళు దేశం దాటించడానికి లేదు. ఆ పంది రూపాయి కూడా 2011తో పురావస్తువైపోయింది. కాబట్టి విదేశీ వేలాల్లో మన నాణేలకొచ్చే అంకెలు చదివి ఇక్కడ లెక్కలు వేసుకోవడం దండగ.

అయితే డబ్బున్నవాళ్ళకే ఈ సరదా అంటారా? కాదు. మా మదనపల్లె, రాయచోటి వైపు నుంచి కువైట్ పోయినవాళ్ళు ఎంతమందో. వాళ్ళు వచ్చేటప్పుడు జేబులో మిగిలిన ఫిల్సులు తెస్తే పిల్లలు ఆడుకుంటారు. 1961లో దినారు వచ్చేదాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే! గల్ఫ్ కోసమే 1959లో మన రిజర్వు బ్యాంకు వేరే నోట్లు అచ్చువేసింది. ఆ నోట్లు ఇప్పుడు అరుదు, ఫిల్సులకి విలువ లేదు. కానీ ఆ ఫిల్సు పక్కన మన పాత రూపాయి పెట్టి ఈ కథ చెబితే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. దానికి ఏ రేటూ పెరగనక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన నాణెం కూడా మా దగ్గరిదే. మదనపల్లె నుంచి కడప పోయే దారిలో గుర్రంకొండ ఉంది కదా. టిప్పు సుల్తాను దానికి జఫరాబాదు అని పేరు పెట్టి అక్కడ టంకశాల నడిపాడు. రాగి పైసా, ఒక పక్క ఏనుగు, ఇంకో పక్క ఫార్సీలో ఊరి పేరు. ఆ టంకశాల బతికింది కొద్దికాలమే. శ్రీరంగపట్టణం పైసలు కనిపించినంతగా ఇవి కనిపించవు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన హెండర్సన్ 1921లోనే హైదరు, టిప్పుల నాణేల మీద పుస్తకం రాశాడు. గుర్రంకొండ కోట కింద బస్సు దిగే పిల్లల్లో ఎంతమందికి తమ ఊరి పేరుతో నాణెం ఉందని తెలుసు? అది రాగి, కరిగిస్తే ఏమీ రాదు. మెరవదు కాబట్టి పుకారూ లేదు. ధరలోని మూడు ముక్కల్లో అరుదు ఒక్కటే ఉన్న నాణెం అది, దాన్ని అడిగేవాళ్ళేమో తక్కువ.

అసలు నష్టం ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. నాణెం విలువలో సగం అది దొరికిన చోటులో ఉంటుంది. కరీంనగరం వైపు గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేలే చూడండి. వాటిమీద శాతవాహనుల తొలి రాజు శిముకుడి పేరు, అంతకుముందు రాజులు గోబద, నారన, కంవాయ, సమగోపల పేర్లు కనిపించాయి. పరబ్రహ్మశాస్త్రి లాంటి పండితులు వాటిని చదివారు కాబట్టి, అవి కోటిలింగాలలోనే దొరికాయని తెలుసు కాబట్టి, తెలుగువాళ్ళ చరిత్రలో ఒక అధ్యాయం చేరింది. అవే నాణేలు ఊరు తెలియకుండా ఏ వ్యాపారి సంచిలోనో చేరి ఉంటే, వేలంలో మంచి ధర పలికేవేమో గానీ చరిత్ర మాత్రం పలికేది కాదు.

మరి పొలం దున్నుతుంటే కుండ తగిలిన రైతు ఏం చేయాలి? 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, పది రూపాయలకి మించిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలి. ప్రభుత్వం దాన్ని తీసుకుంటే ఇచ్చేది లోహం విలువ, దానిమీద అయిదో వంతు. ఇదీ ఆ చట్టంలో రాసిన లెక్క. రాగి నాణెమైతే ఎంతొస్తుందో మీరే ఊహించండి. బయట ధరలు ఆకాశంలో ఉన్నప్పుడు ఈ లెక్క చెబితే ఎవడు కలెక్టరాఫీసు మెట్లెక్కుతాడు? రాత్రికి రాత్రి వెండి కొట్టుకో, మధ్యవాడికో పోతుంది. ఇంగ్లండులో 1996లో కొత్త చట్టం తెచ్చి, మ్యూజియం తీసుకున్న నిధికి మార్కెట్ ధరే బహుమానంగా ఇస్తున్నారు. అక్కడ మామూలు జనం తమంతట తామే వచ్చి చూపిస్తున్నారు. మనం కూడా లోహం లెక్క వదిలేసి నాణెం లెక్క కట్టాలి. ధరలు పెరిగే కొద్దీ ఈ చట్టం మార్చడం మరింత అవసరం. రైతుని దొంగలా చూసినంతకాలం చరిత్ర మూసలోనే కరుగుతుంది.

ఇక కొనేవాళ్ళకి నాకు తోచింది. పిల్లల చదువుకో ఇంటికో దాచుకున్న దుడ్లు నాణేల్లో పెట్టకండి. సినిమాకి, హోటలుకి పెట్టే డబ్బులాంటిది పెట్టండి, తిరిగి రాకపోయినా బాధ ఉండదు. కొనేముందు ఒక పుస్తకం కొనండి. వెండి రేటు పెరిగిందని కొనకండి, నాణెం కథ తెలిసిందని కొనండి. రేపు ధర సగమైనా ఆ కథ మీ దగ్గరే ఉంటుంది.

అమ్మేవాళ్ళకి ఒకటే మనవి. అవసరమొస్తే అమ్ముకోండి, అవ్వ దాచిందే అవసరానికి. కానీ త్రాసులో వేసేముందు ఒక్కో రూపాయిని తిప్పి సంవత్సరం చదవండి. అర్థంకాని రాత కనిపిస్తే పక్కన పెట్టి, తెలిసినవాళ్ళకి చూపించండి. మీ ఊళ్ళో అలా పక్కన పెట్టినవి ఏమైనా ఉంటే నాకూ చెప్పండి. ఎంత చేస్తుందని మాత్రం అడగొద్దు :)