200 రోజుల సగటు చెప్పేది ధర, విలువ కాదు

శివనసముద్రం కరెంటు 1902లోనే మన కేజీఎఫ్ గనులకు చేరింది. 2001లో గనులు మూతపడ్డాయి, కరెంటు వాడకం ఆగలేదు. అందుకే 'కరెంటు షేర్లు భద్రం' అన్న నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది.

మనకు కరెంటిచ్చే బెస్కాం ప్రభుత్వ సంస్థ, దాని షేరు మార్కెట్లో దొరకదు. దొరికేవి ఎన్‌టీపీసీ, పవర్ గ్రిడ్ వంటివి. వీటి ధర 200 రోజుల సగటు కంటే దిగితే చవకేనని కొందరి సలహా.

గత 200 ట్రేడింగ్ రోజుల ముగింపు ధరలను కూడి 200తో భాగిస్తే వచ్చేదే ఆ సగటు. ధర ఎటు నడిచిందో అది చెబుతుంది, కంపెనీ విలువ చెప్పదు. సగటు 300 రూపాయలుండి ధర 270కి దిగిందనుకుందాం. అది చవక కావచ్చు, లాభాలు తగ్గుతాయన్న భయమూ కావచ్చు. పవర్ గ్రిడ్ 2021లో, 2023లో మూడు షేర్లకు ఒకటి బోనస్ ఇచ్చింది. పాత ధరలను ఆ మేరకు సవరించకపోతే సగటే తప్పుతుంది.

ఈ కంపెనీల మూలధనంపై రాబడిని చాలావరకు కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిర్ణయిస్తుంది. కాబట్టి ముందు ఆ రాబడి, డిస్కంల బకాయిలు, అప్పు, డివిడెండ్ చూడాలి. సగటును ఆ తర్వాతే చూడాలి. రిటైర్మెంట్ సొమ్ము ఒక్క గీతను నమ్మి పెట్టేది కాదు.