పాత నంబరు ఎటు పోయింది?

ఏప్రిల్ రెండో వారంలో ఒక రాత్రి పదిన్నరకు ఫోనొచ్చింది. మేం సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన ఒక కంపెనీలో సేల్స్ చూసే తమ్ముడు. నాకంటే రెండేళ్లు చిన్న. ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు పరిచయమయ్యాడు.

"అన్నా, పోయిన ఏప్రిల్‌ల నాకు పెట్టిన టార్గెట్ సిస్టంల ఎక్కడన్న దొరుకుతదా?"

"ఎంత పెట్టిన్రు?"

"అరవై మంది కొత్త డీలర్లు. ఇప్పుడు తొంభై అని చూపిస్తుంది. నేను డెబ్బయ్యొకటి చేసిన."

లెక్క మీకూ అర్థమైపోయి ఉంటుంది. అరవైకి డెబ్బయ్యొకటి అంటే శభాష్. తొంభైకి డెబ్బయ్యొకటి అంటే సంజాయిషీ. మనిషి అదే, చేసిన పని అదే. మారింది ఒక్క అంకె.

లాప్‌టాప్ తెరిచి వెతికాను. దొరకలేదు. దొరకదని తెరవకముందే నాకు తెలుసు. ఎందుకంటే ఆ స్క్రీన్ రాసింది నేనే.

ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెప్తా. కంపెనీ పెద్దలు ఏడాది మొదట్లో నాలుగైదు పెద్ద లక్ష్యాలు రాసుకుంటారు. ఒక్కో లక్ష్యానికి బాధ్యులెవరు, ఇప్పుడు ఎంత ఉంది, ఎంతకు చేరాలి, ఎప్పటిలోగా అనేవి నింపుతారు. ఆ పెద్ద లక్ష్యం కింద జోన్ లక్ష్యాలు, వాటి కింద ఊళ్లు తిరిగే మనిషి లక్ష్యం. అన్నీ గొలుసులా ముడిపడి ఉంటాయి. నడుస్తున్నది పచ్చ రంగులో, వెనకబడింది ఎరుపులో కనబడుతుంది.

ఆలోచన కొత్తదేం కాదు. పీటర్ డ్రక్కర్ 1954లోనే తన పుస్తకంలో రాశాడు. తర్వాత ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దాన్ని తనదైన పద్ధతిలో నడిపించాడు. అక్కడ నేర్చుకున్న జాన్ డోర్ 1999లో గూగుల్‌కు తీసుకెళ్లాడు. ఇవాళ హైదరాబాద్‌లో ఏ ఐటీ ఆఫీసుకు పోయినా 'ఓకేఆర్' అనే మాట వినబడేది అందుకే. అయితే డ్రక్కర్ చెప్పినదాంట్లో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. లక్ష్యం మనిషి తనను తాను కొలుచుకోవడానికి, పైనున్నవాళ్లు పట్టుకుని కొట్టడానికి కాదు. ఆ సంగతి మా స్క్రీన్‌లోకి రాలేదు.

ఇంతకూ ఆ తమ్ముడి విషయంలో జరిగిందేమిటి? ఆగస్టులో కంపెనీ పెద్దలు పై లక్ష్యాన్ని ఒకటిన్నర రెట్లు చేశారు. పైన మారితే కింద అదే నిష్పత్తిలో మారిపోయేలా నేనే రాశాను. డెమోలో అది చూసి అందరూ చప్పట్లు కొట్టారు కూడా. ఒక్క క్లిక్‌తో కిందున్నవాళ్లందరి నంబర్లూ మారాయి. అరవై పోయి తొంభై వచ్చింది. పాతది దాచిపెట్టమని కంపెనీ అడగలేదు, నేను దాచలేదు. మారినట్టు మెయిల్ పోయే ఏర్పాటు ఉంది గానీ, మెయిళ్లు ఎక్కువవుతున్నాయని ఆపేయించారు. బ్యాకప్ ముప్పై రోజులదే ఉంటుంది. ఎవరూ కక్షగట్టి చేసింది కాదు. అందుకే నిలదీయడానికి కూడా ఎవరూ దొరకలేదు. మేనేజర్ మారిపోయాడు. కొత్తాయన "సిస్టంలో ఏముంటే అదే" అన్నాడు.

నాది కల్వకుర్తి. మా ఊరి పేరుతోనే ఒక పెద్ద లక్ష్యం ఉంది, మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల పథకం. కొల్లాపూర్ వైపు ఎల్లూరు దగ్గర శ్రీశైలం జలాశయం నీళ్లను ఎత్తి, జొన్నలబొగుడ దగ్గర మళ్లీ ఎత్తి, గుడిపల్లిగట్టు దగ్గర మూడోసారి ఎత్తాలి. అప్పుడు గానీ మా వైపు కాలువలకు అందవు. గొలుసు లక్ష్యం అంటే ఏమిటో నాకు ఇంజినీరింగ్‌లో కంటే దీన్ని చూస్తేనే బాగా అర్థమైంది. 2020 అక్టోబర్‌లో ఎల్లూరు పంప్‌హౌస్ నీట మునిగితే, ఆ దెబ్బ కింది కాలువల దాకా తగిలింది.

ఈ పథకం లక్ష్యం కూడా మారింది. ముందు అనుకున్న నీళ్లు 25 టీఎంసీలు. తెలంగాణ వచ్చాక 40 టీఎంసీలకు పెంచారు. మార్చడం తప్పు కాదు, అవసరాలు మారతాయి. కానీ ఇక్కడ పాత అంకె చెరిగిపోలేదు. మార్పు జీవోగా వచ్చింది. దానికో నంబరు, తేదీ, సంతకం ఉంటాయి. 2014 పునర్విభజన చట్టం పదకొండో షెడ్యూల్‌లో కల్వకుర్తి పేరుంది. కృష్ణా నీళ్ల పంచాయితీలో రెండు రాష్ట్రాలూ ఆ పాత కాగితాలు పట్టుకునే వాదించుకుంటాయి. ఎవరిది న్యాయమన్నది వేరే సంగతి. మొదట ఎంత అనుకున్నారో తెలియకపోతే అసలు వాదనే ఉండదు కదా.

ఉగాదికి పోలేకపోయానని మే నెలలో ఇంటికెళ్లినప్పుడు ఈ కథంతా అమ్మకు చెప్పాను. అమ్మ మహిళా సంఘంలో ఏళ్లుగా ఉంది. విని లోపలికెళ్లి తీర్మానాల పుస్తకం తెచ్చి నా ముందు పడేసింది. ఒక పేజీలో అప్పు ఇరవై వేలు అని రాసి, అడ్డంగా ఒక్క గీత కొట్టి, పక్కన పదిహేను వేలు అని ఉంది. కింద ముగ్గురి సంతకాలు.

"కొట్టేసినా కనబడాలె బిడ్డా. వైట్నర్ పెడితే మీటింగుల లొల్లి అయితది" అంది.

లక్షల ఖరీదు చేసే మా సాఫ్ట్‌వేర్‌లో లేనిది, ఈ సంఘం పుస్తకంలో ఉంది.

ఇంకో విచిత్రం చూడండి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ నమోదయ్యే ఏర్పాటు ఉండి తీరాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. అంటే బిల్లులో వంద రూపాయలు మార్చినా గుర్తు మిగలాలి. కానీ ఆ నిబంధన ఖాతా పుస్తకాలకే. ఒక మనిషి ఏడాది కష్టాన్ని కొలిచే అంకెను మార్చితే గుర్తు మిగలాలని ఎవరూ అనలేదు. మేమూ అనుకోలేదు.

ఇప్పుడు మార్చాం. ఆ కంపెనీ అడగకపోయినా మా టీం లీడ్‌ను ఒప్పించి, రెండు వారాలు కూర్చుని రాశాను. లక్ష్యం మారితే పాతది గీత కొట్టినట్టు పైన కనబడుతుంది. ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అన్నవి ఉంటాయి. ఎవరిది మారిందో వాళ్లు చూసి 'తెలిసింది' అని నొక్కేదాకా కొత్త నంబరు అమల్లోకి రాదు. 'ఎందుకు' అన్న గడిలో కొందరు ఒక చుక్క పెట్టి వదిలేస్తున్నారు. అదీ నమోదవుతుంది. చుక్క పెట్టింది ఎవరో తెలుస్తుంది కదా!

ఆ తమ్ముడికి మాత్రం ఇది పనికిరాలేదు. ఇంక్రిమెంట్ సగమే వచ్చింది. జులైలో వేరే కంపెనీకి మారిపోయాడు. తప్పు నాదని ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "నువ్వన్న ఒప్పుకున్నవన్నా" అన్నాడు. ఆ మాట తిట్టు కంటే గట్టిగా తగిలింది.

మీరూ ఎక్కడో ఒకచోట టార్గెట్ మీద పనిచేస్తూ ఉంటారు. బ్యాంకైనా, మందుల కంపెనీ అయినా, బీమా అయినా. ఏడాది మొదట్లో మీకు పెట్టిన నంబరును తేదీతో సహా మెయిల్‌లో మీ మేనేజర్‌కు రాసి, "ఇదే కదా సార్" అని ఒక్క ముక్క అడగండి. మధ్యలో మారితే మళ్లీ అడగండి. అవిశ్వాసం అనుకోవద్దు. సంఘంలో అందరూ ఒకే ఊరివాళ్లు, ఒకరినొకరు నమ్మినవాళ్లే. అయినా గీత పక్కన సంతకం పెట్టుకుంటారు.