పెరటి తోట: చిక్కుడు పాదుకు కావలివాళ్లు

క్రిస్మస్ దగ్గరపడేసరికి మన చల్లపల్లి వైపు ఏ పెరట్లో చూసినా చిక్కుడు పాదు పూతమీద ఉంటుంది. ఆ వెంటే పేనుబంక కూడా వస్తుంది. లేత చివుళ్లు నల్లబడి జిగటగా కనిపించగానే, పొలానికి తెచ్చిన మందులో మిగిలినది గుర్తొస్తుంది. కొంచెం ఆగండి. రేపు ఆ కాయలు కోసి పిల్లలకు వండిపెట్టేది మనమే కదా!

ముందు ఆకు తిప్పి చూడండి. నల్లని ఒంటిమీద నారింజ మచ్చలతో, బుల్లి మొసలిలా పాకే పురుగు ఉంటే చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. నిరుడు నేను తెలియక ఇలాంటివాటిని చాలా నలిపేశాను. ఈ పిల్ల పెరిగి పెద్దదయ్యేలోగా వందలకొద్దీ పేనుబంక పురుగులను తింటుంది. మందు కొడితే ఇదీ చస్తుంది. పేనుబంక మాత్రం త్వరగా మళ్లీ పుంజుకుంటుంది. ఎందుకంటే దానిలో ఆడపురుగు మగదానితో పనిలేకుండానే పిల్లలను పెడుతుంది.

ఒక జాగ్రత్త. వంగ, కాకర ఆకులను గీకి జల్లెడ చేసే పురుగును కూడా అక్షింతల పురుగనే అంటారు. దాని పిల్ల పసుపుపచ్చగా, ఒంటినిండా ముళ్లతో ఉంటుంది. దాన్ని ఏరి సబ్బునీళ్లలో వేయండి.

మేలుచేసే పురుగులు రావాలంటే వాటికి పూలు కావాలి. నవంబరు మొదట్లో పాదు పక్కన గుప్పెడు ధనియాలు, ఆవాలు చల్లి, కొన్ని మొక్కలను కోయకుండా పూతకు వదలండి. గట్టువెంట బంతి, అలసంద వేయండి. ఆ పూల తేనెకు సిర్ఫిడ్ ఈగలు, సన్నని కందిరీగలు వస్తాయి. ఆ ఈగల పిల్లలూ పేనుబంకను తింటాయి. మన రాష్ట్రంలో 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన ప్రకృతి వ్యవసాయంలోనూ చేనుచుట్టూ ఇలాంటి కంచె పంటలు వేయమనే చెబుతున్నారు.

అవి వచ్చేలోగా పురుగు పట్టిన చివుళ్లు తుంచేయండి. నీళ్లు గట్టిగా కొట్టి పేనుబంకను రాల్చండి. పాదు మొదట్లో చీమలను ఎక్కనీయకండి. తీపి బంక కోసం అవి పేనుబంకకు కాపలా కాస్తాయి. అప్పటికీ తగ్గకపోతే లీటరు నీళ్లలో 50 గ్రాముల వేపగింజల పొడి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లండి.

ఈ ఆదివారం సాయంత్రం పిల్లలను పాదు దగ్గరకు తీసుకువెళ్లండి. ఏది మనదో, ఏది శత్రువో వాళ్లకు చూపించండి. పిల్లల కళ్లు మనకంటే చురుకైనవి.