మిస్సమ్మ చెప్పిన అబద్ధం

మైపాడు తీరాన బంధువుల ఇంట 1955 నాటి ‘మిస్సమ్మ’ ప్రస్తావన వచ్చినది. బడిలో ఉద్యోగం కొరకు భార్యాభర్తలమని బొంకిన రావు, మేరీలను తలచుకొని పెద్దలు నవ్వారు. అప్పుల బాధ అటువంటిదన్నారు. ఇంటి కోడలు నవ్వలేదు.

“వారు కాని పెళ్లిని అయినదన్నారు. నాకు పని ఇస్తామన్నవారు అయిన పెళ్లిని కాలేదని వ్రాయమంటున్నారు. వ్రాయనా, మౌలానా సాబ్?” అని అడిగినది.

వద్దన్నాము. నికాహ్‌కు సాక్షులను నిలిపేది అది దాచరానిది గనుకనే. ఆ చిత్రంలోనూ ఒక అబద్ధాన్ని నిలుపుటకు మరెన్నో అవసరమైనవి. అయితే జీతం లేని ఇంటికి నీతి ఒక్కటే చాలదు. మా మదరసాలో లెక్కలు చెప్పేవారు లేరు, రేపే రమ్మన్నాము.