నీటి కాపలా ఊరి పొలిమేర దాకానేనా?

చివరి నల్లా వద్ద కొలిచినప్పుడే భగీరథ నీటికి భరోసా

వేంసూరు: మంచినీటిని శుద్ధిచేసే కేంద్రాలలో నీటి మడ్డిని, మందు మోతాదును, వత్తిడిని నిరంతరం కొలిచే పరికరాలు వచ్చాయి. మనిషి చేయి పడకుండానే వాల్వులు తెరుచుకొని మూసుకొనే ఏర్పాట్లు వచ్చాయి. అయితే యీ కాపలా చాలావరకు ఊరి పొలిమేర దాకానే. ఓవర్ హెడ్ ట్యాంకు దాటి బిందెలో పడే నీటిని కొలవడం యింకా చేతిపనిగానే, తరచు అంచనా పనిగానే మిగిలివున్నది. జిల్లా చివర ఆంధ్రప్రదేశ్ సరిహద్దును ఆనుకొని వున్న వేంసూరు వంటి మండలాలకు యీ తేడా చిన్నదేమీ కాదు.

మిషన్ భగీరథ పథకాన్ని 2016 ఆగస్టు 7న గజ్వేల్ ప్రాంతంలోని కోమటిబండలో ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. గ్రామాలలో మనిషికి రోజుకు 100 లీటర్ల శుద్ధిచేసిన నీరు యివ్వాలన్నది పథకం లక్ష్యం. ఖమ్మం జిల్లాలో యిందుకు పాలేరు, వైరా జలాశయాలను వనరులుగా తీసుకున్నారు. ఇంటింటికీ నల్లా వచ్చింది. అయినా పల్లెల్లో ఆ నీటిని వాడకానికి వుంచుకొని, తాగడానికి 20 లీటర్ల క్యాన్ కొనేవారు ఎందరో వున్నారు. కోట్లు ఖర్చుచేసి తెచ్చిన నీటిపై నమ్మకం ఎందుకు కుదరలేదన్నది ఆలోచించవలసిన విషయం.

ఆటో స్టార్టరుకు తెలియనిది

బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టరు ప్రతి రైతుకూ తెలుసు. కరెంటు రాగానే మోటారు దానంతటదే నడుస్తుంది. బోరులో నీరున్నదా, మడి నిండిందా అన్నది దానికి పట్టదు. అందుకే 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు యిచ్చేటప్పుడు, ఆటో స్టార్టర్లు తీసివేయాలని ప్రభుత్వం రైతులను కోరింది.

శుద్ధి కేంద్రంలో వుండవలసిన ఏర్పాటు అటువంటిది కాదు. అది ముందు కొలుస్తుంది, కొలతను బట్టి నడుస్తుంది, నడిపిన తరువాత మళ్ళీ కొలిచి సరిచూసుకుంటుంది.

వర్షాకాలంలో జలాశయంలోకి ఎర్రనీరు వచ్చినప్పుడు పటిక ఎక్కువ వేయాలి. తేటబడగానే తగ్గించాలి. పూర్వం గాజు పాత్రలలో నీరు పోసి, వేరువేరు పాళ్ళలో పటిక కలిపి, ఏది బాగా తేరుకున్నదో చూసి మోతాదు నిర్ణయించేవారు. ఆ పరీక్ష యిప్పటికీ అవసరమే. కాని నీరు గంటలోనే రంగు మారవచ్చు. మడ్డి మీటరు నీటిలోకి వెలుగును పంపి, రేణువులకు తగిలి పక్కకు చెదిరిన వెలుగును కొలుస్తుంది. ఆ అంకె పెరిగితే పటిక పంపు వేగం పెంచవచ్చు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం తాగే నీటిలో మడ్డి 1 యూనిట్ మించరాదు. వేరే వనరు లేనప్పుడు మాత్రమే 5 వరకు అనుమతిస్తారు.

ఇసుక ఫిల్టరు మూసుకుపోతున్నదని వత్తిడి మీటరు చెబుతుంది. గొట్టంలో ఎంత నీరు పోతున్నదో ఫ్లో మీటరు చెబుతుంది. పంపినది ఎంత, ట్యాంకుకు చేరినది ఎంత అన్న రెండు అంకెలు పక్కపక్కన పెడితే మధ్యలో పైపు పగిలిందో లేదో తెలిసిపోతుంది. యీ అంకెలన్నింటినీ ఒకేచోట తెరమీద చూపి, అవసరమైతే అక్కడినుంచే పంపును ఆపే ఏర్పాటును స్కాడా అంటారు.

కాపలావానికీ కాపలా

యంత్రం నిద్రపోదు గాని మోసపోతుంది. నీటిలో వుండే పరికరానికి నాచు, మడ్డి పడితే అది తప్పు అంకె చూపుతుంది. ఆ తప్పు అంకెను నమ్మి పంపు తప్పుగానే నడుస్తుంది. కిరాణా కొట్టులో తూనికలకు ముద్ర వేయించినట్లే యీ పరికరాలను కూడా తెలిసిన ద్రావకంతో తరచుగా సరిచూడాలి. పిడుగుపాటు నుంచి రక్షణ, కరెంటు పోయినప్పుడు బ్యాటరీ, విడిభాగాలు, మరమ్మతు తెలిసిన మనిషి వుండాలి. యివి లేకపోతే తెరమీద అంకెలు అలంకారానికే.

కెనడాలో జరిగినది

మనిషినే నమ్ముకొని పరికరం పెట్టకపోతే ఏమవుతుందో కెనడా దేశం చూసింది. ఆంటారియో రాష్ట్రంలోని వాకర్టన్ సుమారు 5 వేల జనాభా గల చిన్న ఊరు. 2000 మే నెలలో భారీ వర్షాలకు పశువుల పేడలోని క్రిములు ఊరికి నీరిచ్చే బావిలో కలిశాయి. మురికి ఎక్కువైనకొద్దీ క్లోరిన్ దానితోనే ఖర్చయిపోతుంది. అక్కడి సిబ్బంది ప్రతిరోజు క్లోరిన్ కొలవలేదు, కొలిచినట్లు రిజిస్టరులో అంకెలు రాశారు. ఏడుగురు మరణించారు. 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. క్లోరిన్‌ను, మడ్డిని నిరంతరం కొలిచే పరికరాలు ఆ బావి వద్ద వుంటే యీ ఘోరం జరిగేది కాదని విచారణ జరిపిన జస్టిస్ ఓకానర్ 2002లో తేల్చారు.

చివరి భూములు, చివరి నల్లాలు

సాగర్ కాల్వ కింద వ్యవసాయం చేసేవారికి చివరి భూముల బాధ చెప్పనవసరం లేదు. తూము వద్ద నిండుగా కనిపించిన నీరు చివరకు చేరేసరికి పలచబడుతుంది. గొట్టపు నీటిలో క్లోరిన్ సంగతీ అంతే. కేంద్రంలో సరిగ్గా కలిపిన మందు మైళ్ళ ప్రయాణంలో, ఎండకు వేడెక్కిన ట్యాంకులో కొంత కొంత తగ్గిపోతుంది. చివరి నల్లా వద్ద లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి వుండాలన్నది ప్రమాణం.

ఆ లోటు తీర్చడానికి ఊరి ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలుపుతారు. తాజా పౌడరులో క్లోరిన్ సుమారు మూడో వంతు వుంటుంది. మూతి విప్పిన సంచిలో, చెమ్మలో నిలవవుంటే ఆ బలం పోతుంది. నెలల కిందటి పౌడరును కొలత లేకుండా వేస్తే, వేశామన్న తృప్తి తప్ప క్రిములు చావవు. మోతాదు మించితే వాసన భరించలేక జనం నీరు పారబోస్తారు. రెండూ నష్టమే.

నీరు వదలని వేళల్లో గొట్టాలు ఖాళీగా వుండడం మరో ప్రమాదం. మురుగుకాల్వ పక్కన గొట్టానికి చిల్లు వుంటే ఖాళీ గొట్టం మురుగును లోపలికి పీలుస్తుంది. నల్లాకు మోటారు బిగిస్తే అది మరింత ఎక్కువవుతుంది. ఒడిషాలోని పూరీ పట్టణంలో 2021 జులై నుంచి 24 గంటలూ నల్లా నీరు యిస్తున్నారు. గొట్టం ఎప్పుడూ నిండివుంటే బయటి మురికికి చోటుండదు.

క్యాన్ నీరే క్షేమమనుకోవడం కూడా పొరపాటు. ఆ నీటిలో కాపాడే క్లోరిన్ మిగలదు. క్యాను, మూత, కుళాయి శుభ్రంగా లేకపోతే క్రిములు చేరుతాయి. నల్లా నీటిలో లేతగా వచ్చే మందు వాసన కాపలా వున్నదనడానికి గుర్తు.

పెద్ద ఖర్చు కాదు

ప్రతి ట్యాంకుకూ క్లోరిన్ మీటరు పెట్టడం ఒక్కరోజులో జరిగేది కాదు. నీటిమట్టం చూపే పరికరం, ఫ్లో మీటరు ముందుగా పెట్టవచ్చు. క్లోరిన్ పరీక్షకు మాత్రం చిన్న పెట్టె చాలు. గొట్టంలో నల్లా నీరు పట్టి ఓ.టి. ద్రావకం చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. దానిని పక్కనున్న రంగుల గీతతో పోల్చి చూడాలి. రంగు రాకపోతే మందు లేదని అర్థం. పరీక్షించిన నీటిని తాగకుండా పారబోయాలి. ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్షలు నేర్పాలని 2019లో మొదలైన జల జీవన్ మిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు యీ పని తేలికగా చేయగలరు.

పరీక్ష ట్యాంకు కింద కాదు, ఊరి చివరి నల్లా వద్ద జరగాలి. ఆనాటి అంకెను, తేదీని పంచాయతీ కార్యాలయం బోర్డుపై రాయాలి. శుద్ధి కేంద్రంలో మీటర్లను చివరిసారి ఎప్పుడు సరిచూశారో కూడా గ్రామసభలో తెలపాలి. వరుసగా రెండు రోజులు రంగు రాకపోతే ఎవరికి చెప్పాలో, వారు ఎన్ని గంటల్లో రావాలో ముందే నిర్ణయించాలి. వానలు ముదిరి నీరు రంగు మారేలోగా అధికారులు, పంచాయతీలు యీ ఏర్పాటు పూర్తిచేయవలసివున్నది.